తీతువు గూటి దగ్గర సదస్సు

చెరువు గట్టున, ఉత్త నేల మీదే తీతువు గుడ్లు పెట్టింది. అడవి పరిశోధన కేంద్రం నుంచి కొంగ, తాబేలు వచ్చి గూటిని ఆనుకుని కూర్చున్నాయి. తల్లి బెదరకుండా గూటిని ఎలా గమనించాలా అని వాటి చర్చ.

"అయ్యా, లేవండి. నేను నీడ పట్టే వీల్లేక ఎండకి గుడ్లు ఉడికిపోతున్నాయి," అంది తీతువు.

"ఉండమ్మా, నీ మంచికే కదా! ముందు పద్ధతి తేలనీ," అంది కొంగ.

వాటిని దూరంగా మళ్లించాలని తీతువు రెక్క విరిగినట్టు కుంటింది.

"అద్భుతం! మళ్లీ ఓసారి కుంటమ్మా," అంది తాబేలు.

తీతువుకి ఒళ్లు మండింది. "అవతలి గట్టున నక్కగారు ఒక్కరే ఇదే పరిశోధన పూర్తి చేసేస్తున్నారట," అంది.

"మనకంటే ముందా!" రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి.

తీతువు చెరువులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి, గుడ్లని చల్లబరిచి నీడ పట్టింది. ఒక గుడ్డులోంచి సన్నగా కూత వినిపించింది.

"ష్! వింటే మళ్లీ వస్తారు," అంది తల్లి.