కింద నీళ్లేవీ?

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గూట్లో పుట్టాడు గిజిగాడు. ఇప్పుడక్కడ తుమ్మా లేదు, బావీ లేదు. ఎటు చూసినా ప్లాట్లు, హద్దురాళ్లు. అయినా కాపురం పెడితే పుట్టినచోటే పెట్టాలని కరెంటు తీగకు గూడు అల్లి, మనసుపడ్డ ఆడపిట్టను వచ్చి చూసుకోమన్నాడు.

పిట్ట లోపల దూరి, ముక్కుతో పోచలు లాగి చూసింది.

"అల్లిక గట్టిదేనయ్యా. కింద నీళ్లుంటేనే కదా పాము భయం ఉండదు! ఏవీ నీళ్లు?"

"పామా!" గిజిగాడు రెక్కలు ఎగరేసి నవ్వాడు. "కప్పలు పోయాయి, ఎలుకలు పోయాయి, ఆఖరి పాము పోయి రెండేళ్లయింది. ఇంత భద్రమైన చోటు నీకు ఇంకెక్కడా దొరకదు!"

పిట్ట గూట్లోంచి బయటికి వచ్చేసింది.

"పాముకే తిండి లేని చోట నా పిల్లలకేం పెడతావయ్యా?"

గూడు అల్లినన్నాళ్లూ తల దించని గిజిగాడు, అప్పుడు కిందికి చూశాడు.