ఉస్తాద్ మౌనం

"ఆ పాట బంద్ చెయ్ బేటా!" అన్నారు హాజీ ఫసీయుద్దీన్, రెండు చెవులూ మూసుకుని.

అల్లుడు అతీఖ్ ఫోను మోగింది మరి. అది మోగిన ప్రతిసారీ దోహాలో అల్ సద్‌లోని ఆ ఫ్లాట్‌లో ఇదే తంతు. కూతురు ఫర్హాను చూడ్డానికి నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దాయనకు సంగీతం గిట్టదు. హజ్ చేసి వచ్చాక మరీను.

అతీఖ్ జాలిపడ్డాడు. పాపం, ముసలాయనకేం తెలుసు? అది మామూలు పాటా! జపాన్ బొమ్మల సినిమాలోది. తుఫానులో దారి తప్పిన నక్కపిల్లను దీపస్తంభం కాపలాదారు నిద్రపుచ్చేటప్పుడు వచ్చే మాటల్లేని జోల. దోహాలోనే పుట్టి పెరిగిన అతీఖ్ చిన్నప్పుడు ఆ సినిమాను టీవీలో అరబ్బీలో చూశాడు. చూసి ఏడ్చాడు. అప్పటి నుంచి దాని సంగీత దర్శకుడిని పేరు పెట్టి పిలవలేదు. ఉస్తాద్ అంటాడు. ఎదురుగా జపాన్ వాళ్లున్నా సరే.

పగలు ఇన్సూరెన్స్ కంపెనీలో డ్యూటీ. సాయంత్రం ఉస్తాద్ అభిమాన సంఘం. అధ్యక్షుడు అతీఖే. సభ్యులందరూ అతని మాట వినేవాళ్లే. విననివాళ్లను గ్రూపులోంచి తీసేస్తాడు.

తమాషా ఏమిటంటే, ఉస్తాద్ రికార్డులన్నీ కొన్నా ఆ జోల మాత్రం ఎందులోనూ లేదు. అతీఖ్ దగ్గరున్నది చిన్నప్పుడు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న ముక్క. ఇంకొకరైతే ఎందుకు లేదని అనుమానపడేవారు. అతీఖ్ అభిమాని కదా, అనుమానపడలేదు. అంత గొప్పది కాబట్టే ఉస్తాద్ దాచుకున్నారని తేల్చేశాడు.

ఆ జోల మధ్యలో ఒకచోట రావలసిన స్వరం రాదు. చిన్న ఖాళీ. తర్వాత పాట మళ్లీ అందుకుంటుంది. ఆ ఖాళీ మీద అతీఖ్ బిర్యానీ చల్లారేదాకా మాట్లాడగలడు.

"అది ఖాళీ కాదు మామూ, మౌనం! జపాన్ ఫిలాసఫీ మొత్తం ఆడనే ఉంది. మనోళ్లకు కీబోర్డు ఇస్తే ఏం చేస్తరు? బరాత్ వాయిస్తరు. మౌనం వాయించాలంటే దిల్ ఉండాలె."

"తౌబా, తౌబా" అంటూ హాజీ సాబ్ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

వయసులో ఉన్నప్పుడు ఆయనా కొన్నేళ్లు దోహాలో ఉన్నారు. ఏం పని చేశారని ఫర్హా అడిగితే, "కడుపు కోసం చేసిన. అల్లా మాఫ్ చెయ్యాలె" అని ఊరుకునేవారు. అతీఖ్ అడగలేదు. అడగాలంటే ముందు తను మాట్లాడటం ఆపాలి కదా.

ఇంతలో ఉస్తాదే దోహాకు వస్తున్నారని తెలిసింది. తెర మీద సినిమా, దాని ముందు పెద్ద ఆర్కెస్ట్రా, ఎనభై దాటిన ఉస్తాద్ స్వయంగా నడిపిస్తారు. చివర్లో ప్రేక్షకుల ప్రశ్నలు. మొదటి ప్రశ్న అభిమాన సంఘం అధ్యక్షుడిది. ప్రశ్నకు మెచ్చి ఉస్తాద్ తనను స్టేజి మీదికి పిలిచి చెయ్యి కలుపుతారని అతీఖ్ గ్రూపులో ముందే ప్రకటించేశాడు. ఆ సంగతి ఉస్తాద్‌కు తెలియదు. అతీఖ్ మాత్రం ఆ చెయ్యి కోసం చిన్నప్పటి నుంచీ బతుకుతున్నాడు. కొత్త సూటు కూడా కుట్టించాడు.

"ఇంట్ల ఒక్కరే ఏం చేస్తరు అబ్బా, మీరూ రారాదు?" అంది ఫర్హా, రారని తెలిసే.

సినిమా పేరు వినగానే హాజీ సాబ్ "వస్త" అన్నారు. ఫర్హా నోరు తెరిచింది.

"మీ అబ్బా మారిండ్రు. అంతా నా సోపతి" అన్నాడు అతీఖ్, టై సర్దుకుంటూ.

హాలు నిండిపోయింది. తుఫాను వచ్చింది. నక్కపిల్ల వచ్చింది. దీపస్తంభమూ వచ్చింది. అతీఖ్ కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. ఒక పాప గొంతులో ఏదో జపాన్ పాట మొదలైంది. తన జోల రానేలేదు.

ప్రశ్నల సమయంలో అతీఖ్ మైకు అందుకున్నాడు.

"ఉస్తాద్, ఆ జోల ఎందుకు వదిలేశారు?"

ఏ జోల అన్నట్టు చూశారు ఉస్తాద్. అతీఖ్ మైకులోనే కూనిరాగం తీశాడు, మౌనంతో సహా. పక్కన హాజీ సాబ్ పళ్లు బిగబట్టారు. అల్లుడి శ్రుతి అలాంటిది.

ఉస్తాద్ మరోసారి పాడించుకుని విన్నారు. అనువాదం చేసే అమ్మాయి చెవిలో ఏదో చెప్పారు. ఆమె మొహమాటపడుతూనే మైకు తీసుకుంది.

"అది ఆయనది కాదట."

హాలంతా నవ్వింది. కొత్త సూటులో అతీఖ్ చెమటతో తడిసిపోయాడు.

ఉస్తాద్ చెబుతూనే ఉన్నారు, ఆ అమ్మాయి అందుకుంటూనే ఉంది. "అరబ్బీలోకి మార్చినప్పుడు ఆ చోట మా భాష పాట ఉందని తీసేశారు. ఈ ఊళ్లోనే ఎవరిచేతో ఏదో వాయించి నింపారని తర్వాత తెలిసింది. చాలాకాలం కోపంగా ఉండేది. ఈ రోజే విన్నాను. నా పాటకన్నా బాగుంది. మధ్యలో ఆ మౌనం నాకు తట్టనే లేదు. వాయించినాయన ఇక్కడుంటే స్టేజి మీదికి రమ్మనండి. చెయ్యి కలపాలి."

అందరూ తలలు తిప్పి వెతికారు. తన మౌనం ఉస్తాద్‌కు నచ్చిందని అతీఖ్‌కు కాస్త ప్రాణం లేచి వచ్చింది.

"చూసిండ్రా మామూ! ఎవరో గని పెద్ద ఫిలాసఫర్" అని గొణుగుతూ, ముందు వరుసల్లోని ఖరీదైన సూట్ల వైపు మెడ సాచి చూశాడు.

హాజీ సాబ్ తస్బీహ్ పూసలు తిప్పడం ఆపి, అల్లుడి చెవి దగ్గరికి వంగి అన్నారు: "మౌనం గీనం ఏం లేదు బేటా, నా కీబోర్డుల ఆ ఒక్క బటన్ పనిచెయ్యకుండె."