మూడు కుర్చీల సంఘం

మహాదేవప్పను దొంగగా పట్టుకుని కుర్చీలోంచి లేపేదాకా తనకు అన్నం సహించదని విరూపాక్ష తీర్మానించుకున్నాడు. అన్నం మాత్రం రెండు పూటలా తింటూనే ఉన్నాడు.

జహీరాబాద్ బజారులో విరూపాక్షది బట్టల దుకాణం. మహాదేవప్ప బెల్లం వ్యాపారి. మొగుడంపల్లిలో అల్లం పండించే శరణప్ప మూడోవాడు. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే పంతులు చేతి దెబ్బలు తిన్నవాళ్లు. యుద్ధం రోజుల్లో ఊసుపోక, మద్రాసు నుంచి డిటెక్టివ్ నవలలు తెప్పించుకుని చదివే సంఘం పెట్టుకున్నారు. దుకాణం వెనక గదిలో మూడు కుర్చీలు వేశారు. నాలుగోది వేస్తే తలుపు పడదు.

సంఘానికి పద్ధతులున్నాయి. పార్సిల్ రాగానే విరూపాక్ష భార్య భాగీరథి నవల చివరి ఆకుల అంచులు కలిపి ఎర్రదారంతో కుట్టేస్తుంది. ముగ్గురూ వంతులవారీగా పుస్తకం చదివి, కుట్టు దగ్గర ఆగిపోవాలి. ఆ పైన దుకాణానికి సెలవైన శుక్రవారం కూర్చుని, హంతకుడెవరో తలా ఒక పేరు చెప్పాలి. అప్పుడు కుట్టు విప్పి చూస్తారు. సరిగ్గా చెప్పినవాడిదే పుస్తకం. దొంగచాటుగా ముగింపు చూసినట్టు తేలితే కుర్చీ ఖాళీ చేసి ఇంటికి పోవాలి. ఈ ఆఖరి షరతు విరూపాక్ష పట్టుబట్టి పెట్టించిందే.

భాగీరథికీ ఈ నవలల పిచ్చి ఉంది. పుట్టింటి నుంచి ఒక ట్రంకుపెట్టె నిండా తెచ్చుకుంది.

"నన్ను గూడ కలుపుకోరాదున్రి?" అని ఒకసారి అడిగింది.

"ఆడోళ్లకు ఖూనీల ముచ్చటెందుకే? కుర్చీ ఖాళీ అయిననాడు చూద్దాం తియ్యి," అన్నాడు విరూపాక్ష.

ఇంతలో మహాదేవప్ప వరసగా మూడు నవలలు గెలిచాడు. బజారులో అతన్ని డిటెక్టివ్ దొరగారన్నట్టు 'జాసూస్ సాబ్' అని పిలవడం మొదలుపెట్టారు. సంఘం పెట్టింది తనైతే సలాములు బెల్లంవాడికా అని విరూపాక్ష కుళ్లిపోయాడు. కుట్టిన ఆకుల్ని గొట్టంలా ఉబ్బించి ఒంటికన్ను పెట్టి చూస్తే లోపలి అక్షరాలు కనిపిస్తాయని అతనికి బాగా తెలుసు. ఎలా తెలుసని మనం అడగకూడదు.

కొత్త నవల వచ్చింది. భాగీరథి కుట్టేసి ఇచ్చింది. మొదటి వంతు విరూపాక్షదే. పుస్తకం చేతికందగానే అతను నేరుగా పనిలోకి దిగాడు. భార్య మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఎర్రదారం విప్పి, చివరి ఆకులు పట్టి లాగాడు. పెద్దగా లాగనవసరం లేకుండానే ఊడొచ్చాయి. యుద్ధం పుణ్యమా అని జిగురు కూడా కల్తీ అయిపోయిందని విసుక్కున్నాడు. ట్రంకుపెట్టెలోంచి అదే కంపెనీవారి పాత నవల ఒకటి తీసి, దాని ముగింపు ఆకులు ఇందులో అతికించి, మళ్లీ కుట్టేశాడు. బట్టలవాడికి సూది కొత్త కాదు. ఆ పాత నవలలో ఖూనీ చేసింది వంటవాడు.

ఊడదీసిన ఆకుల్ని మడిచి జేబులో దాచుకున్నాడు. దాచేముందు కళ్లు వాటి మీద పడ్డాయంటే, అది కళ్ల తప్పు.

పుస్తకం మిగతా ఇద్దరి ఇళ్లూ తిరిగొచ్చింది. శుక్రవారం ముగ్గురూ కుర్చీలెక్కారు.

"చెప్పుర శరణప్ప, ఎవడు చంపిండు?" అన్నాడు విరూపాక్ష.

"వంటోడు," అన్నాడు శరణప్ప నేల చూపులు చూస్తూ.

"ఇంకెవడుంటడుర? వంటోడే!" అని మహాదేవప్ప తొడ చరిచాడు. "మొదటి పేజీలనే నాకు శక్ వచ్చింది. వాని నడకనే దొంగ నడక."

విరూపాక్ష ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

"దొరికిన్రుర ఇద్దరు! ఆ వంటోడు వేరే పుస్తకంలోడు. నేనే తెచ్చి అతికించిన. అసలు ముగింపు నా జేబులున్నది. బసవన్న మీద ఒట్టు, నేనైతే చూడలే. బుర్రతోని చెప్తున్న, చంపింది మేనమామ. ఇగో, చదువుర శరణప్ప!"

శరణప్ప కళ్లద్దాలు తుడుచుకుని ఆకులు విప్పాడు. పెదాలు కదుపుతూ చదివాడు.

"మేనమామనే," అన్నాడు నీరసంగా.

మహాదేవప్ప మొహంలో నెత్తుటి చుక్క లేదు. రేపటి నుంచి బజారులో ఎవరూ జాసూస్ సాబ్ అనరు. చిన్ననాటి స్నేహితుల్ని అలా చూసి విరూపాక్షకు నిజంగానే జాలేసింది. ఆ జాలి రేపు పడదామని వాయిదా వేశాడు.

"లేవున్రి, కుర్చీలు ఖాళీ చెయ్యున్రి."

"గిన్నేండ్ల దోస్తీర విరూపాక్ష," అన్నాడు మహాదేవప్ప.

"దోస్తీ దోస్తీనే, షరతు షరతే."

ఇద్దరూ తలలు దించుకుని లేచారు. అప్పుడే భాగీరథి చాయ్ తెచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టి, కొంగు ముడిలోంచి మడత పెట్టిన ఆకులు తీసి వాటి పక్కన పెట్టింది.

"ఇదీ అసలు ముగింపు," అంది.

"పిచ్చి లేసిందా? అసలుది నా జేబులకెళ్లి ఇప్పుడే తీస్తి గద!" అన్నాడు విరూపాక్ష.

"మీరు ఊడబీకింది గూడ నా ట్రంకుపెట్టెల పుస్తకానిదే. మీకంటె ముందుగాల నేనే మార్చి కుట్టిన," అంటూ భాగీరథి మహాదేవప్ప ఖాళీ చేసిన కుర్చీలో తీరిగ్గా కూర్చుంది.

"మీరు గూడ లేవున్రి. ముగ్గుర్ల ఒక్కరన్న మొదటికెళ్లి చదివితే తెలుస్తుండె, ఈ కథల వంటోడు లేడు, మేనమామ గూడ లేడు."