ఏడో అంతస్తు ఫియోర్డు

“మిత్రులారా! మా నౌక ఇప్పుడే ఫియోర్డులోకి ప్రవేశించింది. ఇరువైపులా ఆకాశాన్నంటే మంచుకొండలు. నడుమ నీలమణిలాంటి సముద్రపు పాయ. ఎముకలు కొరికే చలి. మీ అందరినీ తలుచుకుంటున్నాను.”

రామ్మోహనరావు ఈ సందేశాన్ని తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులోకి విడుదల చేసి, ఉన్ని టోపీ తీసి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

షార్జాలో జూలై నెల. బయట నలభై నాలుగు డిగ్రీలు. సొంత ఫ్లాటులో, సొంత పడకగదిలో, కర్టెన్ల చాటున ఆ కుటుంబపు ఆర్కిటిక్ యాత్ర నాలుగో రోజుకు చేరింది.

దీనికంతటికీ మూలం ఒక శాలువా.

మొన్న ఉగాది సభలో రామ్మోహనరావు తన నౌకాయాత్రను ప్రకటించాడు. ఘనకార్యం జరిగేదాకా ఆగి సన్మానించే ఓపిక సంఘానికి లేదు. అప్పటికప్పుడే ‘ధ్రువసీమా ధీరుడు’ అని బిరుదిచ్చి శాలువా కప్పింది. అదే వేదిక మీద, స్విట్జర్లాండు వెళ్ళబోతున్న పక్క ఫ్లాటు ప్రమోద్‌కు ‘ఆల్ప్స్ విజేత’ బిరుదూ, మరో శాలువా దక్కాయి. సెప్టెంబరులో అధ్యక్ష పదవికి పోటీ ఈ ఇద్దరి మధ్యే.

జూన్‌లో రామ్మోహనరావు వీసా దరఖాస్తు తిరిగి వచ్చింది. కానీ కప్పిన శాలువాను తిరిగి ఇచ్చే సంప్రదాయం మన జాతిలో లేదు.

అందుచేత యాత్ర జరిగింది. ప్రమోద్, కల్పన దంపతులు స్విట్జర్లాండు బయలుదేరిన రెండో రోజున, మూడు పెట్టెలతో వీరూ బయలుదేరారు. భవనం కాపలాదారు ఆదిశేషు పెట్టెలను టాక్సీలోకి ఎక్కించాడు. ఊరెళ్ళేవారు తాళంచెవి ఒకటి అతనికి అప్పగించడం ఆ భవనంలో ఆచారం. రామ్మోహనరావు ఆచారాన్ని పాటించాడు. మూడు గంటలు ఒక మాల్‌లో కూర్చుని, ఆదిశేషు చాయ్‌కి వెళ్ళే వేళ కనిపెట్టి, వెనక మెట్ల మీదుగా పెట్టెలతో సహా ఏడంతస్తులు అధిరోహించారు. అంతటి అధిరోహణ ఆల్ప్స్‌లోనూ ఉండదని రామ్మోహనరావు అభిప్రాయం.

నౌకా నియమాలు కఠినమైనవి. దీపం వెలిగించరాదు. కుక్కరు పెట్టరాదు, విజిల్ వేస్తుంది. ఏసీ వేయరాదు, దాని గొట్టపు నీళ్ళు సరిగ్గా ఆదిశేషు కుర్చీ పక్కన కారతాయి. ఆహారం పులిహోర, బిస్కెట్లు.

కూతురు తన్మయి ఫోనులో ఫోటోలకు మంచుకొండలు అతికిస్తోంది.

“అమ్మా, నవ్వు. చలిగా ఉన్నట్టు నవ్వు.”

“ఉడికిపోతున్నానే! చలి నవ్వు ఎక్కడి నుంచి తేను?” అంది కుసుమకుమారి. “గ్రూపులో పెట్టిన ఫోటోలో ఈ కల్పనని చూడు. మంచులో ఎంత బాగా పడిందో! మొహం నిండా ముత్యాల్లాంటి నీటి చుక్కలు. మంచు తుంపరట. నాకూ అలాంటివి పెట్టవే.”

“నీకు నిజంగానే ఉన్నాయిలే అమ్మా. చెమట.”

అప్పుడు గోడ అవతల ఏదో బరువుగా ఈడ్చిన చప్పుడైంది.

ముగ్గురూ కొయ్యబారిపోయారు. అవతలిది ప్రమోద్ ఫ్లాటు. ఐదారు రోజులుగా ఖాళీ. మళ్ళీ చప్పుడు. ఆ వెంటనే గుసగుసలు.

“దొంగలు!” అన్నాడు రామ్మోహనరావు.

తన్మయి చేతిలోని స్టీలు గ్లాసు జారి ఖంగుమంది. అవతల గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి.

“విన్నారు,” అంది తన్మయి, గొంతు తగ్గించి. “నాన్నా, పోలీసులకి ఫోన్ చేద్దాం.”

“ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారని అడిగితే?”

“ధ్రువసీమ నుంచని చెప్పండి, ధీరుడు గారూ,” అంది కుసుమకుమారి. “అవతల కల్పన నగలన్నీ బీరువాలోనే ఉన్నాయండీ. బ్యాంకులో పెట్టుకోవే అంటే వినలేదు. రేపు ఆ పిల్ల మొహం ఎలా చూస్తాం?”

“ఇప్పుడు బయటపడితే సంఘం మొహం ఎలా చూస్తాం?”

“తగలెయ్యండి మీ శాలువాని!”

రామ్మోహనరావు మథనపడ్డాడు. ఒకవైపు పొరుగువాడి బంగారం. మరొకవైపు తన బిరుదు. ప్రమోద్ ప్రత్యర్థే కావచ్చు, కానీ నిరుడు తనకు జ్వరమొస్తే అర్ధగంటలో ఆసుపత్రికి చేర్చినవాడు. చివరకు ఆ ధీరుడిలోని మనిషి గెలిచాడు, అయితే నౌక దిగకుండానే.

“తన్మయీ, సముద్రపు హోరు పెట్టు,” అన్నాడు.

యూట్యూబులో అలలు హోరెత్తాయి. ఎక్కడో ఒక నౌక గంభీరంగా కూత వేసింది. రామ్మోహనరావు దుప్పటి ముసుగు వేసుకుని ఆదిశేషుకు ఫోన్ చేశాడు.

“ఆదిశేషూ! నేనయ్యా, ఓడ మీద నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ పెద్ద మంచు తుఫాను. విను. ఎందుకో నా మనసు కీడు శంకిస్తోంది. ప్రమోద్ గారి ఫ్లాట్‌లో దొంగలు పడ్డారనిపిస్తోంది. తాళంచెవి నీ దగ్గరే ఉందిగా, యల్లా, వెంటనే పైకి వెళ్ళి చూడు.”

ఉత్తర ధ్రువం నుంచి షార్జాలోని దొంగను పసిగట్టడమేమిటని ఆదిశేషు అడగలేదు. ఆశ్చర్యపోనూ లేదు. లిఫ్టు తలుపు తెరుచుకున్న శబ్దం ఫోనులో వినిపించింది, మరుక్షణం వరండాలోంచి కూడా వినిపించింది.

“ఆయ్, తవఁరేం కంగారు పడకండి సార్, మీ ఫ్లాట్‌లో దొంగలు పడ్డట్టు మనసు కీడు శంకిస్తోందని ఇప్పుడే స్విట్జర్లాండు నుంచి ప్రమోద్ గారూ ఫోన్ చేశారండి, రెండు తాళాలూ నా చేతిలోనే ఉన్నాయి, ముందు ఎవరి తలుపు తియ్యమంటారు?”