దిట్టమైన చేపలు

ఖాళీ బకెట్ గుమ్మం పక్కన పెట్టి, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ అత్తగారు లోపలికొచ్చింది.

"ముఖం వేలాడేశావేమే? పరీక్ష ఫలితం వచ్చిందా?"

చేపల పరిశోధనశాలలో పనిచేసే కోడలు తలూపింది. "ఏట్లో పట్టిన జెల్ల చేపల్లో ఒక్కటీ అచ్చమైన నాటుది కాదు అత్తయ్యా. పైకి నాటువే, డీఎన్ఏ చూస్తే అన్నిట్లో చెరువుల్లో పెంచే ఫారం జెల్ల రక్తం కలిసింది. ఒక్క జత దొరికినా జాతిని నిలిపేవాళ్ళం."

"ఫారంవి ఏట్లోకి ఎలా పోయాయి? కాళ్ళొచ్చి నడిచాయా?"

కోడలు బకెట్ వైపు చూసింది. "మొక్కని మీరు కొని ఏట్లో వదిలే చేపలు ఎలాంటివి?"

"బజార్లో తొట్టిలో బతికున్నవి. మొదట్లో నాటువీ ఉండేవి, కొన ఊపిరితో. వదిలాక చస్తే పుణ్యమేముంది? దిట్టమైనవే ఏరేదాన్ని. నన్ను చూసి భజనకొచ్చే వాళ్ళందరూ అవే వదులుతున్నారు."

"మరి ఆ నాటువి?"

"కూరకి పోయుంటాయి."

బకెట్ కడగబోయిన అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

"ఆ దిట్టమైనవి..."

"ఫారంవే అత్తయ్యా. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వదులుతున్నారు. ఇంతకీ ఏమని మొక్కుకున్నారు?"

అత్తగారు బకెట్ అడుగున మిగిలిన జిగురు నీళ్ళనే చూస్తూ కూర్చుంది.

"నువ్వు వెతికే చేప నీకు దొరకాలని" అంది చివరికి. "అంతా చూస్తూనే ఉన్నాడు కదే ఆ దేవుడు. ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకుని ఆపొద్దూ?"