ఎల్సీ మంచు

"ఐస్‌క్రీం డబ్బా పెట్టనీకి జాగ లేదు. ఇదేం ఫ్రిజ్ మమ్మీ?" బిల్లీ ఫ్రీజర్ తలుపు ధడేల్మని వేశాడు. "జెరసేపు స్విచ్ తీస్తే మొత్తం కరుగుతది. నేనే తుడుస్త."

"ముట్టుకోకు," అంది జయశీల.

"లక్డారం ఊరు మొత్తంల మంచుకు కాపలా కాసేటోళ్ళం మనమే!"

"చెయ్యి పెట్టి చూడు, చెప్త!" సుందర్‌రాజు కేకేశాడు.

తండ్రి అరవడం అరుదు. బిల్లీ గొణుక్కుంటూ డబ్బా పక్కింట్లో పెట్టడానికి పోయాడు.

ఆ మంచు ఎల్సీది. బిల్లీ అక్క. మంచుకొండల్లో లోతుగా తవ్వి తీసిన మంచును పరీక్షించి, వేల ఏళ్ళ కిందటి ఎండలూ చలీ ఎలా ఉండేవో లెక్కకట్టేది. సెలవులకు వస్తే ఇంట్లో ఫ్రీజరే ఆమె బడి.

"చూడు డాడీ, కొండల మీది మంచుపొరల్ల బరువు రకం ఆక్సిజన్ ఎక్కువుంటే అప్పుడు వెచ్చగున్నట్టు, తక్కువుంటే చలి. మనింట్ల ఇదేమో గాలిలో తేమ. మన ఊపిరి గూడ దీంట్లనే ఉంటది. అందుకే గింత తెల్లగుంది. అదే నీళ్ళు పోస్తే గాజు లెక్క గడ్డకడ్తది."

మూడేళ్ళ కిందట వెళ్ళిన కొండ నుంచి ఎల్సీ తిరిగి రాలేదు. మంచు విరిగిపడిందన్నారు. సమాధిలో పెట్టడానికి కూడా ఏమీ దొరకలేదు.

అప్పటి నుంచి ఫ్రిజ్ ఆపింది లేదు. రోజూ పొయ్యి వెలిగించే ముందు జయశీల ఫ్రీజర్ తెరిచి, మంచుకు అరచేయి ఆనించి నిలబడేది. ఆ కాసేపు సుందర్‌రాజు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఆదివారం కదా, ముగ్గురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. బిల్లీ అన్నం కెలుకుతున్నాడు. జయశీల కోడికూర వడ్డించి గరిటె కింద పెట్టింది.

"బిల్లీ, తిన్నంక ఫ్రిజ్ బంద్ చెయ్యి."

సుందర్‌రాజు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"వద్దు శీలా. మన బిడ్డ ఊపిరి అది. కరిగితే నువ్వు తట్టుకోలేవు."

జయశీల ఆయన కంచంలో ఇంకో ముక్క వేసింది.

"పోయిన ఎండకాలం నేను దవాఖానల ఉన్నప్పుడు కరెంటు పోయి బిడ్డ మంచు ఎప్పుడో కరిగింది బిల్లీ డాడీ, మీరు పోసిన నీళ్ళు గాజు లెక్క గడ్డకట్టింది ఇంటికొచ్చిన నాడే చూసిన, మీరు తట్టుకోలేరనే ఇన్ని రోజులు చెయ్యి ఆనించిన."