అంగీకరిస్తున్నాను

అరకు కాఫీ హోటల్లో ఉచిత వైఫై తెరవగానే షరతుల పేజీ వచ్చింది. చివర ఒక గడి: "అన్నీ చదివాను, అంగీకరిస్తున్నాను."

నా ఎదురుగా కూర్చున్న సరళ మొదటి షరతు నుంచీ చదవసాగింది. నర్సింగు సీటుకి దరఖాస్తు గడువు ఐదింటికి. నాలుగున్నర దాటింది. ఫోనులో సిగ్నలు లేదు.

"మా నాన్న కట్టిన ఇంటినిండా పుస్తకాలే. అన్నీ చదివిన నేనే దీన్ని ఏనాడూ చదవలేదు. బేగి నొక్కే గుంటా!" అన్నాను.

"మీరు కాఫీ తాగండి మాస్టారూ, సల్లారిపోతాది."

పదకొండో షరతు దగ్గర వేలు ఆగింది. "మన నంబరు ఎవులికైనా ఇచ్చుకుంటారట. సూసారా?"

చూడలేదు. ఏడాదిగా నొక్కుతూనే ఉన్నాను.

"నొక్కితే కొంపలేం మునగవు," విసుక్కున్నాను.

"మా తాతకీ అదే సెప్పినారట. సదవక్కర్లేదు, ఏలిముద్ర ఎయ్యి అని. నాలుగెకరాలు పోనాయి."

"ఎవడా దొంగ? పేరు చెప్పు, పేపర్లో ఏకిపారేస్తాను!"

సరళ చివరి షరతు కూడా చదివి, గడి నొక్కింది. అయిదు నిమిషాల ముందే దరఖాస్తు వెళ్లింది.

ఫోను సంచిలో వేసుకుని నవ్వింది.

"రాయండి మాస్టారూ. మీ పుస్తకాలున్న ఇల్లు ఆ నాలుగెకరాల్లోదే."